వ్రోత్స్‌వాఫ్‌ను కెమెరాతో తెలుసుకోవాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో పోలండ్ వచ్చి, వ్రోత్స్‌వాఫ్‌లో అద్దె గది కుదరగానే కెమెరా మెడలో వేసుకుని వీధిలోకి బయలుదేరే తెలుగువారు ఏటా కొందరు నాకు తారసపడుతుంటారు. వారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి జవాబులను ఒకచోట రాసి ఉంచుతున్నాను. నేను వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్‌ను కాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శని ఆదివారాల్లో ఈ ఊరి వీధులు తిరిగే ఉద్యోగిని. కనుక ఇందులో పరికరాల సంగతి తక్కువగానూ, ఊరి సంగతి ఎక్కువగానూ ఉంటుంది.

నగరం పేరును ఎలా పలకాలి?

స్పెల్లింగ్ చూసి మనలో చాలామంది "వ్రోక్లా" అని చదువుతారు. పోలిష్ భాషలో "సి" అక్షరం "త్స్" అనీ, అడ్డగీత ఉన్న "ఎల్" అక్షరం "వ" అనీ, చివరనున్న "డబ్ల్యు" "ఫ్" అనీ పలుకుతాయి. అందుచేత "వ్రోత్స్‌వాఫ్" అంటే స్థానికుల ఉచ్చారణకు దగ్గరగా ఉంటుంది. 1945 వరకు జర్మనీలో భాగంగా ఉన్న కాలంలో దీని పేరు బ్రెస్లావ్. పాత పోస్టుకార్డులను, పాత పటాలను వెతకాలంటే ఆ పేరుతోనే వెతకాలి. ఒక వీధి నూరేళ్ల కిందట ఎలా ఉండేదో చూసుకుని వెళ్లి, అదే చోట నిలబడి ఫొటో తీయడం ఈ ఊరిలో ఎంతో ఉపయోగపడే అభ్యాసం.

కొత్తగా వచ్చినవారు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

అందరూ వెళ్లేది రినెక్‌కే, అంటే ఊరి నడిబొడ్డున ఉన్న పాత బజారు చౌక్‌కు. వెళ్లవద్దని నేను చెప్పను, మధ్యాహ్నం మాత్రం వద్దంటాను. వేసవిలో ఒక ఆదివారం ఉదయం ఆరు గంటలకు వెళ్లండి. పోలండ్‌లో చాలా ఆదివారాలు దుకాణాలకు సెలవు కాబట్టి సరుకుల వ్యాన్లు అడ్డురావు, కుర్చీలు బల్లలు ఇంకా వేయరు, రాళ్లు పరిచిన నేల మొత్తం కనిపిస్తుంది. పాత నగర మందిరం తూర్పు ముఖభాగంలో 1580 నాటి ఖగోళ గడియారం ఉంది. ఉదయపు ఎండ నేరుగా పడేది దాని మీదనే. చౌక్ వాయవ్య మూలన కమానుతో కలిపిన రెండు చిన్న ఇళ్లను ఇక్కడివారు యాష్, మవ్గోషా అనే పిల్లల పేర్లతో పిలుస్తారు. వాటి వెనుక సెయింట్ ఎలిజబెత్ చర్చి శిఖరం నిలబడి ఉంటుంది.

ఆ ఒక్క ఉదయం రినెక్‌కు చాలు. అక్కడి నుంచి విశ్వవిద్యాలయం మీదుగా నది వైపు నడిచి, ఇసుక దీవి అని అర్థం వచ్చే చిన్న దీవి దాటి, కెథడ్రల్ ఉన్న ఓస్త్రూఫ్ తుమ్‌స్కీ చేరుకోండి. రెండు కిలోమీటర్లకు మించని ఈ నడకలో ఓద్రా నది పాయలు, వంతెనలు, దీవులు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. వందకు పైగా వంతెనలున్న ఊరు ఇది. పటం పక్కన పెట్టినా పరవాలేదు, ఏ వంతెన మీద ఉన్నారో మాత్రం గుర్తుంచుకోండి.

ఇక్కడి పాత భవనాలు నిజంగా అంత పాతవేనా? ఫొటో కింద ఏమని రాయాలి?

ఈ ఊరి గురించి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. రెండో ప్రపంచయుద్ధం చివరి నెలల్లో జర్మన్ సైన్యం ఈ నగరాన్ని కోటగా ప్రకటించింది. 1945 ఫిబ్రవరి నుంచి సోవియట్ సేనల ముట్టడిలో ఉండి, బెర్లిన్ పడిపోయిన నాలుగు రోజుల తర్వాత, మే 6న లొంగిపోయింది. ముట్టడి కాలంలో విమానాలు దిగేందుకు రన్‌వే కావాలని ఊరి మధ్యలో వరుసగా ఇళ్లను జర్మన్లే కూల్చివేశారు. నేడు విద్యార్థులతో, ట్రామ్‌లతో కిటకిటలాడే గ్రున్‌వాల్ద్ కూడలి ఆ ఖాళీ స్థలమే. కూడలి అంత విశాలంగా ఎందుకు ఉందో తెలియకుండా తీసిన ఫొటోలో ఉత్త వెడల్పు మాత్రమే కనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక పోలండ్ సరిహద్దులు పడమటికి జరిగి ఈ ఊరు పోలండ్‌లో చేరింది. ఇక్కడి జర్మన్లను పంపించివేశారు. సోవియట్ యూనియన్‌కు పోయిన తూర్పు ప్రాంతాల నుంచి, మరీ ముఖ్యంగా నేటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నుంచి, మరెన్నో పోలిష్ ఊళ్ల నుంచి వచ్చినవారు ఈ ఇళ్లలో కాపురం పెట్టారు. ఇక్కడి శిథిలాల ఇటుకలను వార్సాను తిరిగి కట్టడానికి రైళ్లలో పంపారు. రినెక్ చుట్టూ మీరు చూసే రంగురంగుల ఇళ్లలో చాలా భాగం ఆ తర్వాత పాత నమూనాల ప్రకారం తిరిగి కట్టినవి. అందుచేత ఫొటో కింద "మధ్యయుగపు ఇల్లు" అని రాసేముందు ఒకసారి ఆగి, "యుద్ధం తర్వాత పునర్నిర్మించినది" అని చేర్చడం న్యాయంగా ఉంటుంది.

వచ్చినవారు చేతులు ఊపుకుంటూ రాలేదు. రినెక్‌లో కుర్చీలో కూర్చున్న నాటకకర్త అలెక్సాందెర్ ఫ్రెద్రో విగ్రహం 1897లో ల్వీవ్‌లో ఆవిష్కరించినది. 1956లో ఇక్కడ నిలబెట్టారు. 114 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తుతో గుండ్రని భవనంలో ఉన్న రత్స్‌వవీత్సె యుద్ధ చిత్రాన్ని యాన్ స్తికా, వోయ్‌చెఖ్ కొస్సాక్ మరికొందరితో కలిసి 1893-94లో ల్వీవ్‌లోనే గీశారు. ఏళ్ల తరబడి చుట్టలు చుట్టి దాచి ఉంచిన తర్వాత 1985లో ఇక్కడ ప్రజలకు చూపారు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించిన సంగతి తెలిసిన మనకు, ఊరు వదిలినా ఊరి విగ్రహాన్ని వదలని మనుషులను అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఫ్రెద్రో ఫొటో తీసేటప్పుడు నాకు ప్రతిసారీ ఆ గుడి గుర్తుకు వస్తుంది.

గోడల మీద జర్మన్ అక్షరాలు కనిపిస్తాయని విన్నాను. అవి ఎక్కడ ఉన్నాయి?

నది ఉత్తర గట్టున ఉన్న నదోద్జె పేటలోనూ, దాని చుట్టుపక్కల పాత వీధుల్లోనూ కనిపిస్తాయి. పైపూత ఊడిన చోట యుద్ధానికి ముందు నాటి అంగళ్ల పేర్లు, సరుకుల ప్రకటనలు బయటపడతాయి. కొన్ని మ్యాన్‌హోల్ మూతల మీద కూడా జర్మన్ అక్షరాలున్నాయి. ఎండ గోడకు ఏటవాలుగా పడే వేళల్లో, అంటే ఉదయమో సాయంత్రమో వెళితే వెలిసిపోయిన అక్షరం కూడా చదవడానికి వీలుగా వస్తుంది. ఇళ్లకు చలి తట్టుకునే పొరలు అతికించి కొత్త రంగులు వేస్తున్న కొద్దీ ఇవి మాయమవుతున్నాయి. ఈ వారం చూసిన అక్షరాలను వచ్చే ఏడాది తీద్దామని వాయిదా వేసుకోవద్దు. వీధి పేరు, ఇంటి నంబరు, తేదీ రాసి ఉంచుకోండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ ఇంట్లో ఉన్న పెద్దవారిని పట్టుకుని "ఇది జర్మన్ల ఇల్లు కదా" అని మాట మొదలుపెట్టవద్దు. వారి అమ్మానాన్నలు ఎక్కడో ఇల్లు పోగొట్టుకుని ఇక్కడికి వచ్చినవారు కావచ్చు. వారంతట వారే చెబితే వినండి, చాలామంది చెబుతారు కూడా.

మరుగుజ్జు బొమ్మలన్నింటినీ ఫొటో తీయడం సాధ్యమేనా?

సాధ్యమే కావచ్చు, కానీ నేను మూడు వారాల్లోనే విరమించాను. క్రస్నాల్ అని పిలిచే ఈ చిన్న కంచు మరుగుజ్జులు ఊరి వీధుల్లో వందల సంఖ్యలో ఉన్నాయి, ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. లెక్క పూర్తి చేయాలన్న పట్టుదలతో తిరిగితే చూపు ఎప్పుడూ మోకాలి ఎత్తులోనే ఉండిపోతుంది, పైనున్న ఊరు కనిపించదు.

అయితే వాటి పుట్టుక తెలుసుకోవలసినదే. 1980లలో కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా గోడల మీద రాసిన నినాదాలను అధికారులు సున్నం పూసి చెరిపేవారు. "మేజర్" అని పేరుపడిన వాల్దెమార్ ఫిద్రిఖ్, నారింజ ప్రత్యామ్నాయం అనే ఆయన బృందం ఆ సున్నపు మచ్చల మీద మరుగుజ్జుల బొమ్మలు గీశారు. మరుగుజ్జును గీసినందుకు మనిషిని అరెస్టు చేస్తే నవ్వులపాలయ్యేది పోలీసులే. ఆ జ్ఞాపకార్థం 2001లో ష్విద్నిత్స్‌కా వీధిలో మొదటి బొమ్మ, కాస్త పెద్దదైన "తండ్రి మరుగుజ్జు", వెలిసింది; చిన్న బొమ్మలు 2005 నుంచి వచ్చాయి. తీయదలచుకుంటే ముందు ఆ పెద్దాయనను తీయండి. మిగతావాటికి నేల మీద పడుకోవడమే మార్గం, కాబట్టి పాత ప్యాంటు వేసుకుని వెళ్లండి.

అదే ష్విద్నిత్స్‌కా వీధి పిల్సూద్‌స్కీ వీధిని కలిసే చోట, కాలిబాటలోకి దిగిపోతున్నట్టు ఏడుగురు, అవతలి వైపు నేలలోంచి పైకి వస్తున్నట్టు ఏడుగురు, మొత్తం 14 కంచు మనుషులు ఉంటారు. యెజీ కలీనా శిల్పం అది. పోలండ్‌లో 1981 డిసెంబరు 13న సైనిక శాసనం విధించిన వార్షికోత్సవపు రాత్రి, 2005లో, దాన్ని ఇక్కడ నెలకొల్పారు. ఎండలో కంటే వానలో, బస్సు కోసం ఎదురుచూసే నిజమైన మనుషులు పక్కన నిలబడి ఉన్నప్పుడు ఆ శిల్పం బాగా మాట్లాడుతుంది.

గ్యాస్ దీపాలు వెలిగించే మనిషిని ఎప్పుడు, ఎలా ఫొటో తీయాలి?

ఓస్త్రూఫ్ తుమ్‌స్కీలో సుమారు 100 గ్యాస్ దీపాలు నేటికీ ఉన్నాయి. సాయంత్రం పొద్దుగూకే వేళకు నల్లని అంగీ, పొడుగు టోపీ ధరించిన దీపాల మనిషి చేతిలో పొడవాటి కర్రతో వచ్చి ఒక్కొక్కటిగా వెలిగిస్తాడు. వేళ సూర్యాస్తమయాన్ని బట్టి మారుతుంది కాబట్టి డిసెంబరులో నాలుగు గంటలకు ముందే, జూన్‌లో తొమ్మిది తర్వాత అక్కడ ఉండాలి.

ఆయన వేగంగా నడుస్తాడు, ఎవరి కోసమూ ఆగి నిలబడడు. వెంటపడి తీయడం కన్నా, ముందుగా ఒక దీపాన్ని, దాని వెనుక నేపథ్యాన్ని ఎంచుకుని ఆయన వచ్చేదాకా కాచుకోవడం మేలు. కెథడ్రల్ రెండు శిఖరాలు వెనుక వచ్చేలా నిలబడండి, ఆ వేళకు ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉంటుంది. ఫ్లాష్ వాడవద్దు. నా మొదటి ప్రయత్నంలో ఫ్లాష్ ఆపడం మరిచాను. ఆయన ఏమీ అనలేదు, పక్కనున్న పెద్దావిడ మాత్రం నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఫొటోలో దీపం వెలుగు ఏమీ మిగలలేదు, తెల్లబోయిన ఒక ముఖం తప్ప. కెమెరాలో ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితత్వం, పెంచుకుని, గోడకో వంతెన కమ్మీకో చేయి ఆనించి తీయండి. ట్రైపాడ్ ఉన్నా ఆ ఇరుకు వీధిలో జనం కాళ్లకు అడ్డమే. పక్కనున్న తుమ్‌స్కీ వంతెన 1889 నాటి ఇనుప వంతెన. ఒకప్పుడు దాని కమ్మీల నిండా ప్రేమికులు వేసిన తాళాలుండేవి, వంతెన బాగుకోసం వాటిని తీసేశారు.

ఏ నెలలో వెలుతురు బాగుంటుంది?

ఈ ప్రశ్నకు మన ఊరితో పోల్చి చెబితేనే అర్థమవుతుంది. హైదరాబాదులో డిసెంబరు నడి మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. వ్రోత్స్‌వాఫ్‌లో అదే వేళకు 16 డిగ్రీలు కూడా ఉండదు. అంటే మన దగ్గర సాయంత్రం నాలుగున్నరకు కనిపించే పొడుగు నీడలు ఇక్కడ శీతకాలంలో మిట్టమధ్యాహ్నమే ఉంటాయి. ఎండ కాసిన రోజు ఏ గంటకు బయలుదేరినా పరవాలేదు. చిక్కేమిటంటే అటువంటి రోజులు తక్కువ. డిసెంబరులో ఉదయం దాదాపు ఎనిమిదికి తెల్లవారి సాయంత్రం పావుతక్కువ నాలుగుకే సూర్యుడు అస్తమిస్తాడు, ఉద్యోగం చేసేవారికి వారమంతా చీకటే.

జూన్‌లో తెల్లవారుజామున నాలుగున్నర దాటగానే సూర్యోదయం, రాత్రి తొమ్మిది దాటాక సూర్యాస్తమయం. ఆ తర్వాత కూడా ఆకాశంలో నీలి వెలుగు అరగంటకు పైగా నిలిచి ఉంటుంది. మన దగ్గర సందె వెలుగు ఇలా వచ్చి అలా పోతుంది, ఇక్కడ తాపీగా టీ తాగి కూడా ఫొటో తీసుకోవచ్చు. నన్ను ఒక్క నెల ఎంచుకోమంటే అక్టోబరు అంటాను: నది మీద ఉదయపు పొగమంచు, కోట కందకం పక్కన ఆకులు రాలే చెట్లు, మరీ తెల్లవారుజామున లేవనవసరం లేని సూర్యోదయం.

చలికి కెమెరా పాడవుతుందా?

చలికి కెమెరా కంటే ముందు బ్యాటరీ చేతులెత్తేస్తుంది. సున్నాకు దిగువన లిథియం బ్యాటరీ చూపించే చార్జి చకచకా పడిపోతుంది. అదనపు బ్యాటరీని కోటు లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా ఉంచుకోండి. అసలు ప్రమాదం ఇంటికి వచ్చాక ఉంటుంది. చల్లబడిన కెమెరాను హీటర్ వేసిన గదిలో బయటికి తీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది, లెన్సు లోపల కూడా. బయట ఉండగానే జిప్ కవరులో పెట్టి, ఇంటికి వచ్చాక గంట రెండు గంటలు తెరవకుండా ఉంచండి. ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రం ఉంటే మెమరీ కార్డును మాత్రం ముందే తీసి జేబులో వేసుకోండి.

వీధిలో మనుషులను అడగకుండా ఫొటో తీయవచ్చా?

ఇక్కడ చట్టాన్నీ మర్యాదనూ వేరువేరుగా చూడాలి. పోలండ్ 1994 నాటి కాపీరైటు చట్టంలోని 81వ అధికరణం ప్రకారం ఒక వ్యక్తి రూపాన్ని ప్రచారంలో పెట్టడానికి, అంటే ఇంటర్నెట్‌లో పెట్టడానికి, అచ్చు వేయడానికి, ఆ వ్యక్తి అనుమతి ఉండాలి. సభ, ప్రకృతి దృశ్యం, బహిరంగ వేడుక వంటి విస్తృత దృశ్యంలో ఆ మనిషి ఒక చిన్న భాగం మాత్రమే అయినప్పుడు, లేదా ప్రజాజీవితంలో పేరున్న వ్యక్తిని ఆయన బాధ్యతల్లో ఉండగా తీసినప్పుడు అనుమతి అవసరం లేదు. చౌక్‌లో వందమంది నడుస్తున్న దృశ్యానికి ఇబ్బంది లేదు. బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న పెద్దావిడ ముఖాన్ని దగ్గరగా తీసి ఇంటర్నెట్‌లో పెడితే ఇబ్బందే. మనం భారతదేశపు బజార్లలో అలవాటుగా తీసే ఫొటోల్లో సగం ఇక్కడ అడిగి తీయవలసినవి.

మర్యాద విషయానికి వస్తే, పోలిష్‌లో మన "మీరు", "గారు" పనిచేసే చోట పురుషులకు "పన్", స్త్రీలకు "పనీ" అనే మాటలుంటాయి. పరిచయం లేని పెద్దవారితో అవి లేకుండా మాట్లాడడం మన దగ్గర తాతగారిని "నువ్వు" అన్నంత పని. ముందు "జెయిన్ దోబ్రి" అని పలకరించి, "చి మొగె జ్రోబిచ్ పనీ జ్దియెంచె?" అంటే "మీ ఫొటో తీయవచ్చునా?" అని అడిగినట్టు, మగవారిని అడిగేటప్పుడు "పనీ" బదులు "పాను" అనాలి. ఉచ్చారణ తప్పితే నవ్వుతారు, ఆ నవ్వే చాలాసార్లు ఫొటో అవుతుంది. "నియె" అన్నారంటే వద్దన్నట్టు. "ప్షెప్రాషామ్" అని క్షమాపణ చెప్పి తప్పుకోండి, మళ్లీ బతిమాలవద్దు. పిల్లలను మాత్రం తల్లిదండ్రులను అడగకుండా తీయకండి.

నదోద్జె పెరళ్లలోకి వెళ్లవచ్చా?

నూరేళ్లు దాటిన పెద్ద ఇళ్ల సముదాయాల వెనుక పొద్‌వూర్కో అని పిలిచే ఉమ్మడి పెరడు ఉంటుంది. పాత కాలపు గోడలు, బట్టలారేసే తీగలు, బల్లలు, పిల్లులు, మూడో అంతస్తు కిటికీలోంచి దిండు మీద మోచేతులాన్చి కిందికి చూసే అవ్వ, అన్నీ అక్కడే ఉంటాయి. రూజ్‌వెల్ట్ వీధి పెరళ్లలో ఆ ఇళ్లవారు కళాకారులతో కలిసి గోడల నిండా బొమ్మలు వేసుకున్నారు. అక్కడికి చూడవచ్చేవారు అలవాటే. మిగతా పెరళ్లు మాత్రం ఒకరి ఇంటి ముంగిలి కిందే లెక్క. గేటు తెరిచి ఉన్నా "తెరెన్ ప్రివాత్ని" అన్న బోర్డు ఉంటే అది ప్రైవేటు స్థలమని, "వ్‌స్తెంప్ వ్‌జ్‌బ్రొనియోని" అంటే ప్రవేశం నిషిద్ధమని అర్థం.

నేను ఒకసారి అడగకుండా ఒక పెరట్లోకి వెళ్లి ఆరేసిన దుప్పట్ల ఫొటోలు తీస్తుంటే పైనుంచి ఒక అవ్వ గట్టిగా కేకలేసింది. నాకు అప్పటికి వచ్చిన పోలిష్ చాలా తక్కువ. చేతులు జోడించి నమస్కారం పెట్టాను. ఆవిడ ఒక నిమిషం ఆగి, దుప్పట్లు తీసేశాక రమ్మన్నట్టు సైగ చేసింది. మా పెరట్లో ఎవరో వచ్చి మా దుప్పట్లు ఫొటో తీస్తే మా నాయనమ్మ ఇంతకంటే మర్యాదగా ఉండేది కాదని నాకు బాగా తెలుసు.

ఎక్కడ ఫొటో తీయడం నిషిద్ధం?

2025 ఏప్రిల్ నుంచి పోలండ్‌లో రక్షణ స్థావరాలు, కీలక మౌలిక నిర్మాణాలు వంటి వేల చోట్ల అనుమతి లేకుండా ఫొటో తీయడం, వీడియో తీయడం నిషిద్ధం. అటువంటి చోట కెమెరా మీద అడ్డగీతతో, "జాకజ్ ఫోతోగ్రాఫోవానియా" అన్న మాటలతో బోర్డు ఉంటుంది. వంతెన అందంగా ఉందనో, కరెంటు కేంద్రం మీద సూర్యాస్తమయం బాగుందనో ఆ బోర్డును పట్టించుకోకపోతే జరిమానాతో పాటు కెమెరా కూడా పోవచ్చు. పొరుగు దేశంలో యుద్ధం నడుస్తున్న కాలంలో ఇది ఉత్తుత్తి నిబంధన కాదు, పైగా మనం విదేశీయులం. పాస్‌పోర్టునో నివాస కార్డునో వెంట ఉంచుకోండి. పోలీసులు అడిగితే తీసినది చూపించి శాంతంగా మాట్లాడండి.

శిల్పాల ఫొటోలను అచ్చు వేసి అమ్మవచ్చా?

వీధుల్లో, కూడళ్లలో, తోటల్లో శాశ్వతంగా ఉంచిన కళాకృతుల ఫొటోలను ప్రచారంలో పెట్టడానికి అదే కాపీరైటు చట్టం 33వ అధికరణం అనుమతిస్తుంది. ఆ కృతి ఏ వాడుక కోసం పుట్టిందో అదే వాడుకకు దాని నకలు తయారు చేయడానికి మాత్రం వీలులేదు. ఫొటో తీసి పోస్టుకార్డు వేయడం వేరు, మరుగుజ్జును చూసి మరో బొమ్మ పోతపోసి అమ్మడం వేరు. పెద్ద ఎత్తున వ్యాపారం తలపెడితే న్యాయవాదిని అడగండి.

చర్చిల్లో, మ్యూజియంలలో నిబంధనలేమిటి?

ద్వారం దగ్గరి బోర్డు చదవండి. "బెజ్ లాంపి" అంటే ఫ్లాష్ లేకుండా అని. పూజ జరుగుతున్న వేళ కెమెరా ఎత్తవద్దు. బోర్డు లేకపోయినా ఈ నియమం పాటించాలి. పోలండ్ చర్చిలు నిజంగా భక్తులతో నిండే చోట్లు. గర్భగుడి ఎదుట మనం ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉంటే సరిపోతుంది.

నవంబరు 1న శ్మశానాలకు అందరూ వెళతారట. ఫొటోలు తీయవచ్చా?

సకల పునీతుల పండుగనాడు కుటుంబాలన్నీ తమవారి సమాధులను కడిగి, పూలు పెట్టి, జ్నిచ్ అనే గాజు బుడ్డి దీపాలు వెలిగిస్తాయి. ఊరిలో అన్నిటికన్నా పెద్దదైన ఓసోబోవిత్సె శ్మశానం సాయంత్రానికి వేల దీపాలతో నేల మీద నక్షత్రాలు పరిచినట్టుంటుంది. నేను మొదటి ఏడాది కెమెరా లేకుండా వెళ్లాను, అది మంచి నిర్ణయమే అయింది. తీయదలిస్తే దూరం నుంచి, దీపాల వరుసలను, మనుషుల ఆకారాలు నీడలుగా మాత్రమే కనిపించేలా తీయండి. సమాధి ముందు నిలబడిన కుటుంబం వైపు లెన్సు తిప్పకండి, రాతి మీద పేర్లు చదవడానికి వీలుగా ఉన్న ఫొటోలను బయట పెట్టకండి. ఒక దీపం కొని, ఎవరూ రాని పాత సమాధి దగ్గర వెలిగించడం ఇక్కడ చాలామంది చేసే పని, మీరూ చేయవచ్చు.

ష్లెంజ్నా వీధిలోని పాత యూదు శ్మశానం దీనికి భిన్నం. 1856లో మొదలై ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ తోటలో తీగలల్లుకున్న రాళ్ల మధ్య ఏ పగలైనా తిరగవచ్చు.

కాంక్రీటు భవనాల మీద ఆసక్తి ఉన్నవారు ఏమి చూడాలి?

రెండు చూడాలి. మొదటిది హాలా స్తులేచా, శతాబ్ది మందిరం. మాక్స్ బెర్గ్ రూపకల్పనలో 1911-1913 మధ్య కట్టిన ఈ మందిరపు గుమ్మటం 65 మీటర్ల వెడల్పున నడుమ స్తంభమే లేకుండా నిలబడింది. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బయటి నుంచి బరువుగా అనిపించే ఈ కట్టడం లోపలికి వెళితే తేలికైపోతుంది. గుమ్మటం సరిగ్గా కింద వెల్లకిలా పడుకుని తీసే ఫొటో అందరూ తీసేదే, అయినా తీయండి.

రెండోది నాకు మరింత ఇష్టమైనది: నది పక్కన 1908లో పూర్తయిన హాలా తర్గోవా, కూరగాయల బజారు. ఎర్ర ఇటుకల గోతిక్ వేషం బయట. లోపల ధనుస్సులా వంగిన పెద్ద కాంక్రీటు కమానులు. వాటి కింద ఊరబెట్టిన దోసకాయలు, పుట్టగొడుగులు, పూలు అమ్ముతారు. మెట్లెక్కి పై అంతస్తు కమ్మీ దగ్గర నిలబడితే కమానులూ బజారూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. కింద అంగళ్ల దగ్గర తీయాలంటే ముందు పావుకిలో ఏదైనా కొనండి, తర్వాత అడగండి.

ఎత్తు నుంచి ఊరంతా తీయాలంటే ఎక్కడికి వెళ్లాలి?

సెయింట్ ఎలిజబెత్ చర్చి గోపురానికి 300కు పైగా మెట్లున్నాయి, రినెక్ మొత్తం కాళ్ల కింద కనిపిస్తుంది. మెట్లు ఎక్కలేనివారికి కెథడ్రల్ శిఖరంలో లిఫ్టు ఉంది. 212 మీటర్ల స్కై టవర్ నుంచి ఊరు పటంలా కనిపిస్తుంది తప్ప ఊరిలా కనిపించదు, పైగా అద్దం వెనుక నుంచి తీయాలి. నా ఓటు సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి రెండు గోపురాలను కలిపే మంత్రగత్తెల వంతెనకు. అక్కడి నుంచి ఎలిజబెత్ గోపురం కూడా ఫొటోలోకి వస్తుంది.

డ్రోన్ ఎగరవేయవచ్చా?

ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం కెమెరా ఉన్న డ్రోన్‌కు, చిన్నదైనా సరే, దాన్ని నడిపేవారు పేరు నమోదు చేసుకోవాలి. ఆ పైన గగనతల ఆంక్షలు, విమానాశ్రయ పరిధి, కింద జనం ఉండటం అన్నీ చూసుకోవాలి. కొత్తగా వచ్చిన ఏడాదిలో ఈ ప్రయత్నం పెట్టుకోవద్దని నా సలహా.

రాత్రిపూట ఒంటరిగా తిరగడం క్షేమమేనా? ఏమి తీయాలి?

ఊరి మధ్యలో నేను అర్ధరాత్రి వరకు తిరిగాను, ఇబ్బంది పడలేదు. వారాంతపు రాత్రుల్లో తాగి గట్టిగా మాట్లాడేవారు కనిపిస్తే రోడ్డు దాటి వెళ్లిపోవడం మేలు. ఎర్ర దీపం ఉండగా మాత్రం దాటవద్దు, కారు ఒక్కటీ లేకపోయినా జరిమానా వేస్తారు. అలాగే ఫ్రేము చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి సైకిలు దారిలోకి వెళ్లకండి.

రాత్రికి రుస్కా వీధి 46వ నంబరు పెరట్లో పాత నియాన్ బోర్డుల కొలువు ఉంది. కమ్యూనిస్టు కాలంలో అంగళ్ల మీద, హోటళ్ల మీద వెలిగిన బోర్డులను సేకరించి అక్కడ గోడలకు బిగించారు. వాన వెలిసిన రాత్రి నేల మీది నీటిలో అవి రెండింతలవుతాయి. రినెక్ పక్కనే ఉన్న సోల్ని చౌక్‌లో పూల అంగళ్లు రాత్రంతా తెరిచే ఉంటాయి. తెల్లవారుజామున రెండు గంటలకు గులాబీలు కొనేది ఎవరో చూడాలంటే అక్కడ ఒక బెంచీ మీద కూర్చుంటే చాలు.

ఏ లెన్సు తీసుకెళ్లాలి?

మీ దగ్గర ఉన్నది. ఇరుకు వీధులకు 35 మిల్లీమీటర్లు సరిపోతుంది, ఫోను కూడా సరిపోతుంది. బ్యాటరీ, కార్డు వంటివి శనివారమే కొనుక్కోండి, ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి.

అన్ని ఫొటోలు పంపినా ఇంట్లోవారు "నువ్వు ఎక్కడున్నావు ఇందులో" అంటున్నారు. ఏమి చేయాలి?

అందరి ఇళ్లలోనూ ఇదే మాట. సెల్ఫీలో వెనుకనున్న ఊరు చిన్నదైపోతుంది కాబట్టి దారిన పోయేవారిని అడగండి, "చి మోజె పనీ జ్రోబిచ్ మి జ్దియెంచె?" అంటే చాలు, మగవారైతే "పన్" అనండి. పడుచువారు ఒక్కటి తీసి ఇచ్చేస్తారు, అందుకని కాస్త వయసు మళ్లినవారిని ఎంచుకోండి. 1997 వరదల్లో పుస్తకాలను కాపాడుతున్న స్త్రీ విగ్రహం ఉన్న విశ్వవిద్యాలయ వంతెన మీద నేను ఒక పెద్దాయనకు ఫోను ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు మార్చుకుని, నన్ను రెండడుగులు ఎడమకు జరగమని, విగ్రహం చేయి నా తలకు అడ్డం రాకుండా చూసి, నాలుగు ఫొటోలు తీసి, ఒక్కొక్కటీ నాకు చూపించి గాని ఫోను తిరిగి ఇవ్వలేదు. అందులో ఒకటి మా అమ్మ ఫ్రేము కట్టించి టీవీ పక్కన గోడకు తగిలించుకుంది. ఇన్నేళ్లలో నేను తీసినవి ఏవీ ఆ గోడ ఎక్కలేదు.